ఓ డైట్ చార్ట్ ఉంటే పడెయ్యమ్మా

"అమ్మాయ్, నువ్వు డైటీషియన్‌వట కదా, ఓ చార్ట్ ఉంటే వాట్సాప్‌లో పడెయ్." పెళ్లి భోజనాల్లో రెండో పూతరేకు నోట్లో పెట్టుకుంటూ ఈ మాట అనని పెద్దమనిషి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉంటే ఆయనకు శాలువా కప్పాల్సిందే. చార్ట్ ఎవరికో, ఏ జబ్బుకో, బరువెంతో చెప్పరు. అడిగితే, చేబదులుకి చారెడు ఉప్పడిగితే ఆధార్ కార్డు చూపించమన్నట్టు మొహం పెడతారు.

ఈ లెక్కన మన విశ్వవిద్యాలయాల దుబారా అంతా ఇంతా కాదు. మూడేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆసుపత్రిలో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్, ఆపైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వాళ్ల ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష. సైఫాబాద్‌లో పాత హోమ్ సైన్స్ కాలేజీ, తిరుపతిలో పద్మావతి మహిళా వర్సిటీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్), ఇన్ని చోట్ల ఇంతమంది పిల్లలు బయోకెమిస్ట్రీతో కుస్తీ పడుతున్నారు. ఒక్క జిరాక్స్ మెషీన్‌తో పోయేదానికి!

ఇంతకీ అక్కడ నేర్పేదేమిటంటే, తూచడం. ఎన్‌ఐఎన్ 2017లో అచ్చేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలున్నాయి. అంకెలన్నీ దాదాపు పచ్చి సరుకువే. 100 గ్రాముల బియ్యానికి సుమారు 356 కిలోక్యాలరీలు. పేషెంటు తినేదేమో అన్నం, అది వండాక మూడింతలు తూగుతుంది. కొత్తగా చేరిన పిల్ల 300 గ్రాముల అన్నాన్ని బియ్యం గడిలో వేసిందంటే 1,068 అని తేలుతుంది. నిజానికి కంచంలో ఉన్నది అందులో మూడో వంతు. అందుకే బియ్యం తూచి, వండి, మళ్లీ తూచి, ఇంట్లో వాడే గిన్నెకి ఎంత పడుతుందో రాయిస్తారు.

తర్వాత అడగడం నేర్పుతారు. "నిన్న ఏం తిన్నారండీ?" అంటే "ఏం తింటాను తల్లీ, రెండిడ్లీలు" అంటాడాయన. రెండేసి చెంచాల పంచదారతో మూడుసార్లు తాగిన కాఫీ ఆయన దృష్టిలో తిండి కాదు. దాంట్లో 30 గ్రాముల పంచదార వెళ్లిపోయింది. నూనె సంగతి అడిగితే ప్రతి ఇంట్లోనూ "తక్కువే వాడతామండీ". కాబట్టి అలా అడగరు. క్యాన్ ఎన్నాళ్లకోసారి కొంటారు, తినేవాళ్లెందరు అని అడుగుతారు. నలుగురికి నెలకి అయిదు లీటర్లంటే రోజుకి మనిషికి దాదాపు 42 మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది టీస్పూన్లు. అదీ ఆ "తక్కువే".

ఇంత చేసి ఒక మనిషికి ఒక కాగితం రాసిస్తారు. అక్కణ్ణుంచి ఆ కాగితం దేశాటన మొదలవుతుంది.

కొత్తగా సుగరొచ్చిన ఒకాయన చార్టది. కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి గనక ఆకుకూరలు, పప్పు, జామకాయ, ఎండాకాలమని వారానికి రెండుసార్లు కొబ్బరి నీళ్లు రాశారు. ఆయన దాన్ని ఫోటో తీసి, బొటనవేలితో సహా, బావమరిదికి పంపాడు. బావమరిదికి బీపీ. కింద బాల్‌పెన్నుతో "సోడియం తక్కువ ఉప్పు వాడాలి" అని చేర్చాడు. వాకింగ్ గ్రూపులో ఎవరో "వారానికి" కొట్టేసి "రోజుకి" చేశారు. అపార్ట్‌మెంట్ పిన్నిగారు మెంతులు కలిపారు. జిమ్ముకెళ్లే కుర్రాడు అన్నం కొట్టేసి ఆరు గుడ్లు పెట్టాడు. బాలింత కోడలికని ఒకావిడ తీసుకుపోయి జామకాయ తీసేయించింది, జలుబు చేస్తుందని. ఇన్ని చేతులు మారిన ఆ కాగితం చివరికి క్రియాటినిన్ (కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగేది) ఆరున్న మనిషింటికి చేరింది. ల్యామినేషన్ చేయించి ఫ్రిజ్ మీద అంటించారు.

ఇక్కడ నవ్వు రాదు. రక్తంలో పొటాషియం లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. 6 దాటాక గుండె ఎప్పుడు లయ తప్పుతుందో చెప్పలేం. ఒక్క కొబ్బరి బోండాంలోనే సుమారు అర గ్రాము పొటాషియం. ఆ "సోడియం తక్కువ ఉప్పు"లో సోడియం తగ్గించి కలిపింది పొటాషియం క్లోరైడే. పొటాషియం దిగిపోయేలా కూరగాయలు ముక్కలు కోసి, బోలెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబొయ్యమని డైటీషియన్ చెప్తే, "సారమంతా పోదూ" అని అదే నీళ్లతో చారు పెట్టి తాగిస్తారు. బలమట! ఎవడి బలం? డైలసిస్ బెడ్డు మీద ఉన్నవాడికి ఫార్వర్డ్ మెసేజీతో వైద్యం చేసే ధైర్యం మీకెవరిచ్చారు?

పోనీ అది ఆయన సొంత చార్టే అనుకుందాం. డైలసిస్ మొదలవకముందు ప్రోటీన్ కిలో బరువుకి 0.6 నుంచి 0.8 గ్రాములు. మొదలయ్యాక 1 నుంచి 1.2. అరవై కిలోల మనిషికి 36–48 ఉండేది 60–72 అవుతుంది. ఎందుకంటే డైలసిస్‌లో కొంత ప్రోటీన్ పోతుంది. ఆర్నెల్ల కిందటి కాగితం పట్టుకుని కూర్చుంటే కండ కరిగి చిక్కిపోతాడు. ఇంట్లోవాళ్లేమో పథ్యం బాగా పనిచేస్తోంది, ఒళ్లు తగ్గిందని సంబరపడతారు. ఇది తెలిసిన ఆసుపత్రులూ తక్కువ తినలేదు. డిశ్చార్జి రోజున "రీనల్ డైట్" (కిడ్నీ పథ్యం) అని అచ్చేసిన కాగితం ఫైల్లో పెడతారు. ఎమ్మెస్సీ చదివిన అమ్మాయిని మాత్రం ఏ ట్రే ఏ గదికి వెళ్లిందో చూడమని క్యాంటీన్‌కి తోలతారు.

ఆ ఫ్రిజ్ మీది ఫోటోలో బొటనవేలి కింద పడ్డది మూడు గళ్లే. పేరు, బరువు 84, క్రియాటినిన్ 0.9.