సవరణ: పాత డీజిల్ జీపులో తప్పు పంపుది కాదు

పోయిన వారం నా జీపు గురించి రాస్తూ, పొద్దున స్టార్ట్ కాకపోతే, బెంగళూరు దగ్గరి నంది కొండ ఎక్కేటప్పుడు గుంజుకుంటే, ఇంజెక్టర్లకు ఒత్తిడితో డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు పోయినట్టే అన్నాను. బయట ఎక్కడా డీజిల్ కారడం లేదు కాబట్టి లైన్లోకి గాలి వెళ్లే అవకాశం లేదని కూడా రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

ట్యాంకు నుంచి, డీజిల్‌ను లాగే లిఫ్ట్ పంపు దాకా ఉన్న పైపులో ఇంజన్ నడిచేటప్పుడు ఉండేది పీల్చే ఒత్తిడి. అక్కడ సన్నని పగులుంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. బండి ఆపాక డీజిల్ మెల్లగా వెనక్కి, ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకే అందుకోదు.

బెంగళూరు జేసీ రోడ్డులో మూరెడు పారదర్శకమైన డీజిల్ పైపు కొని ఫిల్టర్‌కూ ఇంజెక్షన్ పంపుకూ మధ్య బిగించాను. స్టార్ట్ చేయగానే ఆవగింజలంత బుడగలు వరసగా కదిలాయి. తర్వాత ట్యాంకును తప్పించి, క్యాన్లోంచి నేరుగా డీజిల్ ఇచ్చి చూస్తే బండి చక్కగా నడిచింది. క్లిప్పు కింద ఎండి చీలిన రబ్బరు పైపే దొంగ.

నా మాట నమ్మి ఎవరైనా పంపు విప్పించే ఆలోచనలో ఉంటే దయచేసి ఆగండి, ముందు ఈ రెండు పరీక్షలూ చేయండి. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల వైపు లీకేజీని మాత్రం చేత్తో తడమొద్దు, అక్కడుండే భారీ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.