టెక్స్ట్ లింగ్విస్టిక్స్ గారికి, మీ పెద్దల ఆచూకీ తెలుపుతూ

అయ్యా టెక్స్ట్ లింగ్విస్టిక్స్ గారూ,

నమస్కారం. ఒక్కో వాక్యాన్ని కాక, వాక్యాలన్నీ కలిసి పాఠం (టెక్స్ట్) ఎలా అవుతాయో చూసే భాషాశాస్త్ర శాఖ కదా మీరు. వాక్యం గుమ్మం దగ్గరే ఆగిపోయిన వ్యాకరణాన్ని చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది మీరేనని మీ పుస్తకాల్లో చదివి ముచ్చటపడ్డాను. 1976లో హాలిడే, రుఖయా హసన్ గార్లు వాక్యాల్ని అతికించే జిగురేమిటో చెప్పారు. 1981లో బోగ్రాండ్, డ్రెస్లర్ గార్లు పాఠం అనిపించుకోవాలంటే ఏడు లక్షణాలుండాలని తేల్చారు. ఏడూ బట్టీపట్టాను. పరీక్ష హాల్లో టెన్షన్‌కి ఐదే గుర్తొచ్చాయి, అది వేరే కథ.

ఒక్క సందేహం. గృహప్రవేశానికి ముందు ఇంట్లో ఎవరైనా కాపురం ఉంటున్నారేమో చూసుకున్నారా?

పదో శతాబ్దపు బాగ్దాద్‌లో అబూబక్ర్ నైసాబూరీ అని ఒక పండితుడు. ఎవరైనా ఖురాన్ చదివి వినిపిస్తే చాలు, కుర్చీలో కూర్చునే అడిగేవాడట: ఈ ఆయత్ (ఖురాన్ వాక్యం) పక్కన ఈ ఆయతే ఎందుకుంది? ఈ సూరా (అధ్యాయం) ఆ సూరా పక్కకే ఎందుకొచ్చింది? ఇవి తెలియవని ఊళ్లో పండితుల్ని దెప్పేవాడట కూడా. ఈ విద్యకు మునాసబత్, అంటే పొందిక, అని పేరు. మీరొచ్చి ఆ భావాల పొందికకే కోహిరెన్స్ అని కొత్త బోర్డు పెట్టారు.

88వ సూరా చూడండి. ఒంటెను చూడరా అంటుంది, వెంటనే ఆకాశం, తర్వాత కొండలు, ఆపైన నేల. మీ స్టూడెంట్ చేతిలో పెడితే కలిపే పదాలు లెక్కపెట్టి టేబుల్ వేస్తాడు. 14వ శతాబ్దపు ఖురాన్ పండితుడు జర్కషీ మాత్రం ఎడారి మనిషి పక్కన నిలబడి చూశాడు. ఆ మనిషి బతుకంతా ఒంటె మీదే. ఒంటెకు మేత కావాలి, మేతకు వాన కావాలి, అందుకే చూపు పైకి. ప్రాణం మీదికొస్తే తలదాచుకోడానికి కొండ. ఇక్కడ గడ్డి అయిపోతే ఇంకో చోటికి పోవడానికి నేల. నాలుగూ ఒకే మనిషి దిగులు. దీన్నే మీరు సిట్యుయేషనాలిటీ (మాట సందర్భానికి అతకడం) అంటారు కదూ? ఆ మాట పలకాలంటే ఒంటె దిగి నిలబడాలి.

ఈ ఖురాన్ పండితులందరిదీ ఒకే మాట అనుకోకండి. ఇరవై ఏళ్లకు పైగా వేర్వేరు సందర్భాల్లో అవతరించిన వాటిని లాగి ముడిపెట్టొద్దని 13వ శతాబ్దంలోనే ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ అన్నాడు. మీ సెమినార్లలో లంచ్‌కి ముందు జరిగే గొడవ కూడా పాతదేనన్నమాట.

మీ వైపు న్యాయం లేదనను. పొందిక ఉంది అన్న నమ్మకంతో వాళ్లు మొదలుపెట్టారు, ఉందా లేదా అని మీరు అడుగుతారు. మీకు కరెంటు బిల్లు కూడా పాఠమే. వాళ్లు పరికరాలు సానపట్టింది ఒక్క గ్రంథం కోసం.

వాళ్లను కలవాలంటే కైరో దాకా పోనక్కర్లేదు. 15వ శతాబ్దపు బికాయీ ఆయత్ ఆయత్‌నీ కలుపుతూ రాసిన వ్యాఖ్యానాన్ని మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్ ప్రచురణ సంస్థ వాళ్లే 1969 నుంచి అచ్చు వేశారు. మొత్తం 22 సంపుటాలు. వచ్చేటప్పుడు సంచి కాస్త పెద్దది తెచ్చుకోండి.

ఇట్లు,
ఆ మిగతా రెండు లక్షణాలూ ఇంకా గుర్తురాని
మీ విద్యార్థి