ఆవుకు ఇంకో చోటుంది, ఆల్బట్రాస్‌కు లేదు

తన అధీనంలోని ఆమ్‌స్టర్‌డామ్ దీవిలో అడవి పాలైన పశువుల మందను ఫ్రాన్స్ 2010 నాటికి పూర్తిగా తొలగించింది. ఆ మంద డీఎన్‌ఏ మీద 2024లో ఒక అధ్యయనం వచ్చాక పాత గొడవ మళ్లీ లేచింది. అంత అరుదైన పశువులను అన్యాయంగా చంపేశారని కొందరి బాధ. నా మటుకు నాకు అది చేయాల్సిన పనే. ఇంకా ముందే చేసి ఉండాల్సింది.

హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో సుమారు 55 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వత దీవి అది. 1871లో రీయూనియన్ అనే మరో దీవి నుంచి సేద్యం చేద్దామని వచ్చిన ఒక రైతు కొన్ని నెలలకే చేతులెత్తేసి, ఐదు పశువులను గాలికొదిలేసి వెళ్లిపోయాడు. ఆ ఐదూ పెరిగి సుమారు రెండు వేలయ్యాయి. దిగువ నేలంతా కప్పిన ఫిలికా చెట్ల అడవి నరుకుడుకు, నిప్పుకు, ఆపైన పశువుల మేతకు బలై కొద్ది హెక్టార్లకు కుదించుకుపోయింది.

ఆ దీవి ఎగువన, చిత్తడి పీఠభూమి మీద ఆమ్‌స్టర్‌డామ్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షి గూడు కడుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడా కట్టదు. 1983లో దాన్ని ప్రత్యేక జాతిగా ప్రకటించే నాటికి ఏటా గుడ్డు పెట్టే జంటలు పది కూడా లేవు. పెట్టేది ఒకే గుడ్డు. పొదిగి, పిల్లను పెంచి ఎగరేసేసరికి దాదాపు ఏడాది పడుతుంది కాబట్టి మళ్లీ గుడ్డు పెట్టేది రెండేళ్లకే. ఆవు ఏటా ఈనగలదు. ఈ రెండింటినీ ఒకే దీవిలో వదిలేసి ప్రకృతే చూసుకుంటుందని కూర్చుంటే ఎవరు మిగులుతారో ఎవరైనా చెప్పగలరు. పశువులు పైకి రాకుండా 1980ల చివర్లో దీవికి అడ్డంగా కంచె వేశారు. అది లేకపోతే ఈ పక్షి గురించి ఇవాళ మాట్లాడుకునేవాళ్లమే కాదేమో.

అవతలి వాదన తీసిపారేసేది కాదు. ఐరోపా పశువుల రక్తం, హిందూ మహాసముద్రపు మూపురం పశువుల రక్తం కలిసిన మంద అది. ఐదింటి నుంచి మొదలై కూడా నశించకుండా నిలబడింది. దాని జన్యువుల్లో నేర్చుకోదగ్గది ఉంది, మూగజీవాలు చేసిన తప్పూ లేదు.

అయితే జన్యువును కాపాడటానికి దీవే కావాలా? న్యూజిలాండ్ ఎండర్బీ దీవిలో పశువులను తొలగించినప్పుడు చివరకు దొరికిన ఒక ఆవును ఓడెక్కించి తీసుకెళ్లారు. పేరు లేడీ. 1998లో దాన్ని క్లోన్ చేసి ఆ జాతిని నిలబెట్టుకున్నారు. ఆవుకు పాకా పచ్చిగడ్డీ ఎక్కడైనా దొరుకుతాయి. ఆల్బట్రాస్ గూటిని అలా తీసుకెళ్లి ఇంకోచోట పెట్టలేం.

తొలగిస్తే ఏమవుతుందో న్యూజిలాండ్‌దే అయిన క్యాంప్‌బెల్ దీవి చూపించింది. అక్కడి గొర్రెల ఫారం 1931లో మూతపడింది, గొర్రెలు మాత్రం ఉండిపోయాయి. 1970లో దీవి మధ్యగా కంచె వేసి ఒకవైపు గొర్రెలను తీసేశారు. కొన్నేళ్లకే ఆ వైపు తేడా కళ్లకు కట్టింది. 1990ల తొలినాళ్లకు దీవి మొత్తంలో ఒక్క గొర్రె మిగల్లేదు. ఇప్పుడు అక్కడ చారలు దేరిన వెడల్పాటి ఆకులు నేలకు పరుచుకుని, వాటి మధ్య నుంచి ఊదా పూల గుత్తులు లేస్తాయి. పక్కనే పసుపు పూల బల్బినెల్లా మొక్క వాలు పొడవునా విరగబూస్తుంది. ఎవరూ నాటలేదు. గొర్రె నోరు తప్పాక ఆ నేలే మొలిపించుకుంది.

నన్ను మండించేది ఇంకొకటుంది. జంతువులను తెచ్చి వదిలేసినవాళ్లకు ఏనాడూ బిల్లు పడదు. న్యూజిలాండ్ ఆక్లాండ్ దీవిలో 1807లో వదిలిన పందుల సంతతి ఇప్పటికీ నేల తవ్వుతూనే ఉంది. మన అండమాన్‌లోనూ ఇదే కథ. బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిన చుక్కల జింకలు, వాటిని వేటాడే పులీ చిరుతా లేని దీవుల్లో, అడవి మొలకలను మేసేస్తున్నాయి. ఇక్కడి నుంచి వెళ్లే మన టూరిస్టులు రాస్ దీవిలో (ఇప్పటి పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి) వాటికి చేత్తో తినిపించి ఫొటోలు దిగుతారు. చట్టమేమో జింకను రక్షిత జంతువంటుంది, కాబట్టి కదిలించాలంటే అధికారులకు టెన్షన్. అండమాన్ యంత్రాంగం ఏ దీవిలో ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చాలి. ముందు ఎక్కడి నుంచి, ఎప్పటిలోగా తరలిస్తారో తేదీలతో చెప్పాలి. మొలకలన్నీ మేతకే పోతుంటే, ఇప్పుడున్న పెద్ద చెట్లు పడిపోయిన రోజున వాటి చోట నిలబడే చెట్టుండదు.