ఫ్యాను ఆపిన గదిలో పాట

ఏప్రిల్ మధ్యాహ్నం ఇంట్లో ఒక గదిలో పాట రికార్డు చేస్తున్నాం. మైకులోకి గాలి చప్పుడు పోకూడదని సీలింగ్ ఫ్యాను ఆపి, కిటికీలు మూశాం. గాయని రెండో చరణం అందుకునేసరికి గదితోపాటు ల్యాప్‌టాప్ కూడా ఉడికిపోయింది. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. హెడ్‌ఫోన్లలో చిటపటలు మొదలయ్యాయి. కుదిరిన టేకు కాస్తా పోయింది.

ఇలా జరిగితే మనవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ ధర చూస్తారు. పాటలో మాటలు తేలకపోతే కొత్త ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు పనిముట్టు) ధర చూస్తారు. నా లెక్కలో ఇవి రెండు జబ్బులు కావు. తేల్చవలసినదాన్ని ‘తర్వాత చూద్దాంలే’ అని వాయిదా వేయడమే చాలాసార్లు రెండిటికీ మూలం. పాట వెనక పరుచుకునే కీబోర్డు స్వరం, అంటే ప్యాడ్, ఒకటి చాలని తేల్చుకోలేక మూడు ఉంచుతాం. ప్రతి ట్రాకుకూ (విడిగా ఉంచిన ఒక్కో గొంతుకూ, వాద్యానికీ) విడిగా ఒక రివర్బ్, అంటే గది ప్రతిధ్వనిని కల్పించే ప్లగిన్, తగిలిస్తాం. ఆ బరువు మోసేది కంప్యూటర్, మాట అర్థంకాక అవస్థపడేది శ్రోత.

యంత్రం సంగతి ముందు చూద్దాం. సాఫ్ట్‌వేర్ ధ్వనిని ముక్కలుముక్కలుగా లెక్కకడుతుంది. ఆ ముక్క పరిమాణమే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్ల (ధ్వని కొలతల) రేటులో 128 శాంపిళ్ల బఫర్ పెడితే, ఒక్కో ముక్కకు సంబంధించిన లెక్కలన్నీ ముగించడానికి కంప్యూటర్‌కు దొరికేది సుమారు 2.7 మిల్లీసెకన్లు. గడువు తప్పిందా, చిటపట. 1,024 పెడితే 21 మిల్లీసెకన్ల వెసులుబాటు ఉంటుంది గానీ, గాయని గొంతు ఆమె చెవికే ఆలస్యంగా చేరి తాళాన్ని తడబెడుతుంది. అందుకే పాడేటప్పుడు చిన్న బఫర్, తర్వాత ట్రాకులన్నీ కలిపే మిక్సింగ్‌లో పెద్దది. ఇది తెలిసినవారు కూడా రికార్డింగ్ రోజునే అన్నీ కలిసే మాస్టర్ ట్రాకు మీద లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ (స్వరాల పాళ్లు సరిచేసే ఒక రకం ప్లగిన్) తెరిచి కూర్చుంటారు. ఆలస్యం దాని తయారీలోనే ఉంది, బఫర్ తగ్గించినంత మాత్రాన పోదు. ఇక 96,000 రేటు మోజు ఒకటి. దానితో లెక్కల భారం దాదాపు రెట్టింపవుతుంది. 48,000 రేటే 24,000 హెర్ట్జ్ వరకూ పట్టగలదు, మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది. ఫోనులో వినబోయే పాటకు ఆ బరువు ఎందుకో నాకు అర్థం కాదు.

ఏ ట్రాకు ఎంత మోయిస్తోందో ముందు చూసుకోవాలి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో దానికి పెర్ఫార్మెన్స్ మీటర్ ఉంది. (ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటర్లలో మనకు పాటలు వినిపించిన వినాంప్‌ను రాసిన జస్టిన్ ఫ్రాంకెలే రీపర్‌నూ తయారుచేశారు.) ఖాయమైన ట్రాకును ఫ్రీజ్ చేస్తే, అంటే ప్లగిన్లతో కలిపి ధ్వని ఫైలుగా మార్చేస్తే, ప్లగిన్ల భారం దిగిపోతుంది. అయితే ఖాయం చేయడానికే మనకు చేతులు రావు.

రివర్బ్ దగ్గర ఈ రెండు చిక్కులూ కలుస్తాయి. పన్నెండు ట్రాకులకు పన్నెండు రివర్బులు పెడితే పన్నెండు గదుల ప్రతిధ్వని ఒకదానిమీద ఒకటి పడుతుంది. ఒకే రివర్బ్ విడి ట్రాకులో పెట్టి, అన్నిటినీ అక్కడికే కొద్దికొద్దిగా పంపితే యంత్రం తేలికపడుతుంది, పాట కూడా ఒకే చోట పాడినట్టు ఉంటుంది. తెలుగు పాటకు ఇది మరీ ముఖ్యం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, విభక్తులూ బహువచనమూ చివరే చేరతాయి. గాయకులు మెల్లగా వదిలే భాగమూ అదే. పాడిన అచ్చు మీదికి అంతకుముందు అచ్చు తోక వచ్చి పడితే అర్థం అలుక్కుపోతుంది. రివర్బ్ మొదలయ్యే ముందు 30, 40 మిల్లీసెకన్ల ఎడం ఇచ్చి, దాని అడుగు స్వరాలను కోసేస్తే మాట ముందుకు వస్తుంది.

గొంతు వినబడకపోతే గొంతును పెంచడం మన అలవాటు. అడ్డుపడేవి చాలావరకు 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య గుమిగూడిన ప్యాడ్, గిటార్ వంటివి. అక్కడ వాటిని తగ్గించాలి. పెంచి వింటే ఏదైనా బాగున్నట్టే అనిపిస్తుంది. శబ్దం స్థాయిని బట్టి అడుగు, పై స్వరాలు చెవికి వేరుగా అందుతాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపారు. ప్లగిన్ పెట్టక ముందూ తర్వాతా ఒకే స్థాయిలో పోల్చకపోతే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌తో పాటను పిండి గట్టిగా చేసినా, యూట్యూబ్, స్పాటిఫై దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టితనానికి కొలత) దగ్గరికి దించేస్తాయి.

గది మాట కూడా చెప్పాలి. పదడుగుల పొడవూ పదడుగుల వెడల్పూ ఉన్న గదిలో రెండు వైపుల గోడల మధ్యా దాదాపు 56 హెర్ట్జ్ దగ్గరే ధ్వని పేరుకుంటుంది. ఒక మూల బేస్ ఉరుముతుంది, గది నడుమ అదే మాయమవుతుంది. గోడకు బొంతలు వేలాడదీస్తే గొంతులోని ఖంగు తగ్గుతుంది గానీ, ఇరవై అడుగుల పొడవున్న ఆ అల వాటిని లెక్కచేయదు. అందుకే బేస్ విషయంలో నేను హెడ్‌ఫోన్లనే నమ్ముతాను.

చివరి పరీక్ష మాత్రం మా వంటగదిలో జరుగుతుంది. పాటను ఫోను స్పీకరులో పెట్టి, పల్లవి రాయమని అమ్మకు కాగితం ఇస్తాను. మొన్నటి పాటలో గాయని పాడింది ‘వానలో’. అమ్మ ‘వానలు’ అని రాసింది. ఉన్న రెండు ప్యాడ్‌లలో ఒకటి తీసేశాను.