బ్లేడ్ యాంటెన్నా: గ్రాఫు బాగుంటే సరిపోతుందా?

2024 మార్చిలో బాపట్ల జిల్లాలో జాతీయ రహదారి 16 మీద సుఖోయ్‌లు తక్కువ ఎత్తులో దూసుకెళ్లాక గుంటూరు, విజయవాడ టీ కొట్ల దగ్గర చర్చంతా ఇంజిన్లు, క్షిపణుల గురించే. యుద్ధవిమానాల వీపు మీదా పొట్ట కిందా చేప రెక్కల్లా నిలబడి ఉండే బ్లేడ్ యాంటెన్నాలు ఎవరికీ పట్టలేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

సైనిక పైలట్ నేల మీది జవానుతో మాట్లాడాలంటే 30–88 మెగాహెర్ట్జ్. గన్నవరం లాంటి పౌర విమానాశ్రయం టవర్‌తో అయితే 118–137. తోటి యుద్ధవిమానాలతో సాధారణంగా 225–400. ఒక్కోదానికి ఒక్కో యాంటెన్నా బిగిస్తే బరువు, గాలి ఒరిపిడి పెరుగుతాయి. అందుకే అన్నిటికీ పనికొచ్చే ఒకే బ్రాడ్‌బ్యాండ్ (విశాలమైన ఫ్రీక్వెన్సీ పరిధి ఉన్న) బ్లేడ్ కావాలంటారు. కానీ 30 మెగాహెర్ట్జ్ అల పొడవు 10 మీటర్లు. అందులో పావు వంతన్నా రెండున్నర మీటర్లు. బ్లేడేమో అర మీటరు ఉంటే గొప్ప! సైజు తగ్గాలి, బ్యాండ్ పెరగాలి, సామర్థ్యం తగ్గకూడదు అంటే కుదరదని శాస్త్రవేత్తలు వీలర్ 1947లో, చూ 1948లో లెక్క కట్టి చూపించారు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

ఏది వదులుకున్నారో బ్రోచర్‌లో ముందు కనపడదు. అక్కడ పెద్ద అక్షరాల్లో ఉండేది వీఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే కొలత) 2:1 లోపు అని. అంటే పంపిన పవర్‌లో వెనక్కి వచ్చేది 11 శాతానికి మించదు. బాగానే ఉంది, మరి మిగతా 89 శాతం గాల్లోకి వెళ్లిందా, లోపలి రెసిస్టర్‌లో వేడిగా పోయిందా? వీఎస్‌డబ్ల్యూఆర్ గ్రాఫు ఆ సంగతి చెప్పదు. యాంటెన్నా పీకేసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మార్చేసే రెసిస్టర్) బిగించండి, గ్రాఫు అంతకంటే అందంగా వస్తుంది. పైలట్ మాట మాత్రం బయటికి పోదు. అడగాల్సింది గెయిన్, అంటే ఒక దిశలో యాంటెన్నా నిజంగా ఎంత బలంగా పంపుతుందో చెప్పే కొలత (యూనిట్ డీబీఐ). అది మైనస్ 20 డీబీఐ అయితే 10 వాట్ల రేడియో ఆ దిశలో 0.1 వాటు పంపినట్టే.

ఫ్రీక్వెన్సీని సాఫ్ట్‌వేర్‌తోనే మార్చుకునే సాఫ్ట్‌వేర్ రేడియోలు, శాటిలైట్ లింకులు వచ్చాక ఈ గోలెందుకు అనేవారున్నారు. రేడియో ఎంత తెలివైనదైనా చివరికి లోహపు ముక్క గుండానే మాట్లాడాలి. పైగా జామింగ్ (శత్రువు సిగ్నల్‌కు అడ్డుతగలడం) తప్పించుకోవడానికి సెకనుకు వందసార్లకు పైగా ఫ్రీక్వెన్సీ మారుస్తుంటే, ఒక్కో ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసే రకం బ్లేడ్ కూడా అంతే వేగంగా మారాలి. సాఫ్ట్‌వేర్ యాంటెన్నా పని తగ్గించలేదు, పెంచింది.

రాష్ట్రం 2025లో ఏరోస్పేస్, డిఫెన్స్ పాలసీ తెచ్చింది. మంచిదే. ఆ పని చేసేదెవరు? కృష్ణకు ఇటూ అటూ ఉన్న కాలేజీల్లో చాలామంది సీఎస్‌ఈ దొరక్కే ఈసీఈకి వస్తున్నారు. వాళ్లు చేసే ప్రాజెక్టు చాలాసార్లు ఒక ప్యాచ్ యాంటెన్నా (బోర్డు మీద అతికించినట్టుండే చిన్న లోహపు పలక), అదీ కంప్యూటర్ సిమ్యులేషన్‌లో. ఎస్11 (ఇదీ వెనక్కి వచ్చే పవర్ కొలతే) మైనస్ 10 డీబీ కంటే కిందికి దిగితే చాలు, పేపర్ అచ్చవుతుంది, ర్యాంకింగ్‌లో పాయింటు పడుతుంది. బ్రోచర్‌లో జరిగే మోసమే క్లాసులోనూ జరుగుతోంది. కొలవడం తేలికైనదాన్నే కొలిచి సంబరపడుతున్నాం.

యాంటెన్నాలు కొలిచే, ప్రతిధ్వని లేని గదులు (ఛాంబర్లు) ఖరీదని సాకు చెప్పొద్దు. 30 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు ఛాంబర్ ఎలాగూ సరిగా పనికిరాదు, బయలులోనే కొలవాలి. పంట కోసిన మాగాణికి ఇక్కడ కరువా? నాలుగైదు కాలేజీలు కలిసి ఒక టెస్ట్ రేంజ్ పెట్టుకోవచ్చు. అది వచ్చేలోపు ఫైనలియర్ వైవాలో ఎగ్జామినర్లు ఒక్కటి అడగాలి: గెయిన్ ఎంత, ఎక్కడ కొలిచావు?