పెద్దలకు ఏడీహెచ్‌డీ ఉండదన్న సందేశానికి జవాబు

ఫోన్లలో చేతులు మారుతూ ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం రూపంలో కనిపించే సమస్య) పిల్లల జబ్బు, పెద్దయ్యాక ఉండదు; చదువు పూర్తిచేసి ఉద్యోగం చేసుకుంటున్నవారికి అసలే ఉండదు; నచ్చిన పని గంటల తరబడి చేయగలిగినవారు ఏకాగ్రత లేదనడం బద్ధకానికి సాకు; ఇదంతా ఫోన్లు వచ్చాక పుట్టిన పిచ్చి; డాక్టరు దగ్గరికి వెళితే మందులకు బానిసలను చేస్తారు. తనకు ఈ సమస్య ఉందేమోనని ఏళ్లుగా లోలోపల మథనపడి, ఎవరినైనా అడుగుదామని అప్పుడే ధైర్యం కూడగట్టుకున్న మనిషి ఇది చదివితే మళ్లీ నోరు మూసుకుంటారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

“పిల్లల జబ్బు” అన్న అభిప్రాయం గాలిలోంచి పుట్టలేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1968లో వెలువరించిన మానసిక రుగ్మతల గ్రంథమే ఇది కౌమారంలో సాధారణంగా తగ్గిపోతుందని రాసింది. ఆ తర్వాత అలాంటి పిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. గంతులు, పరుగులు తగ్గుతాయి గానీ లోపలి అశాంతి, మరుపు, పని మొదలుపెట్టలేకపోవడం చాలామందిలో మిగిలిపోతాయని తేలింది. అదే గ్రంథం 2013 నాటి అయిదో కూర్పు పెద్దలకు వేరే కొలమానమే పెట్టింది. ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం అనే రెండు జాబితాల్లో తొమ్మిదేసి లక్షణాలుంటాయి. ఏదో ఒక జాబితాలో పిల్లలకైతే ఆరు ఉండాలి, 17 ఏళ్లు నిండినవారికి అయిదు చాలు. పెద్దల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ సమస్య ఉంటుందని అంచనా. అయితే లక్షణాల్లో కొన్నయినా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. ముప్ఫై ఏళ్లకు గుర్తించడం వేరు, ముప్ఫై ఏళ్లకు మొదలవడం వేరు.

చదువు, ఉద్యోగం ఉన్నవారికి రాదన్న మాట నాకు అన్నిటికంటే క్రూరంగా తోస్తుంది. ఒక దరఖాస్తు నింపాలనుకోండి. పది నిమిషాల పని. పేరు రాస్తారు, పుట్టిన తేదీ రాస్తారు, ఏదో పాత ధ్రువపత్రం నంబరు కోసం లేచి బీరువా తెరుస్తారు. అక్కడ చిందరవందరగా పడివున్న కాగితాలు సర్దడం మొదలవుతుంది. గంట గడిచాక బీరువా సగం సర్ది ఉంటుంది, దరఖాస్తు సంగతే గుర్తుండదు. ఇలా మూడు వారాలు గడిచిపోతాయి. గడువు ముగిసే రాత్రి గుండె దడదడలాడుతుంటే అదే దరఖాస్తు పావుగంటలో పూర్తవుతుంది. మర్నాడు అందరికీ కనిపించేది సమయానికి అందిన కాగితం మాత్రమే. డిగ్రీలు కూడా ఇలాంటి రాత్రుల మీదుగానే వస్తాయి. తెలివితేటలు ఉన్నవారు, ఇంట్లో ఎవరో ఒకరు వెంటపడి గుర్తుచేస్తూ వచ్చినవారు చాలాకాలం నెట్టుకురాగలరు. కొత్త ఉద్యోగమో, పసిబిడ్డో, ఒంటరి కాపురమో వచ్చినప్పుడు ఆ ఆసరా తొలగిపోయి లోటు బయటపడుతుంది. తరగతిలో అల్లరి చేయక కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లలను చిన్నప్పుడు ఎవరూ గుర్తించకపోవడం మరీ ఎక్కువ. తమ బిడ్డకు నిర్ధారణ అయినప్పుడే తమ సంగతి తెలిసివచ్చిన తల్లులూ తండ్రులూ ఉన్నారు. కవలలపై జరిగిన పరిశోధనలు ఇందులో వంశపారంపర్యం పాత్ర 74 శాతం వరకూ ఉంటుందని చెబుతున్నాయి.

ఇక గంటల తరబడి నచ్చిన పనిలో మునిగిపోగలగడం. ఏడీహెచ్‌డీలో దృష్టి లేకపోవడం కంటే, దాన్ని కావలసిన చోటికి మళ్లించలేకపోవడమే అసలు ఇబ్బంది. ఆసక్తి, కొత్తదనం, ముంచుకొచ్చిన గడువు దాన్ని లాక్కుపోతాయి. అవసరం ఒక్కటే ఉంటే అది కదలదు. చేయాలని గట్టిగా అనుకుని, చేయలేక, తనను తాను తిట్టుకుంటూ రోజంతా గడిపిన మనిషిని బద్ధకస్తుడనడం అన్యాయం.

ఫోన్లే కారణమా? అలెగ్జాండర్ క్రిక్టన్ అనే వైద్యుడు 1798లోనే దృష్టి నిలవని స్థితి గురించి రాశాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు.

కానీ ఫోన్ల గురించిన ఆ మాటలో సగం నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. టిక్‌టాక్‌లో ఎక్కువమంది చూసిన వంద ఏడీహెచ్‌డీ వీడియోలను పరిశీలించిన 2022 నాటి అధ్యయనంలో సగానికి పైగా తప్పుదోవ పట్టించేవేనని తేలింది. తాళాలు మరిచిపోయిన ప్రతివారికీ ఏడీహెచ్‌డీ ఉండదు. నిద్రలేమి, ఆందోళన, కుంగుబాటు, థైరాయిడ్ సమస్యలు కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు ప్రశ్నల జాబితా కూడా వైద్యుణ్ని కలవాలా వద్దా అన్నంతవరకే చెబుతుంది. స్నేహితుడి ఏడీహెచ్‌డీ మాత్ర వేసుకుంటే ఏకాగ్రత కుదిరిందన్నది రుజువు కాదు. ఉత్తేజక మందులు సమస్య లేనివారిలోనూ ఆ పని చేయగలవు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే తీసుకెళ్లండి, మీ చిన్నతనం తెలిసినవారిని వెంట రమ్మనండి. ఇంట్లోనూ పనిచేసేచోటా రెండుచోట్లా ఇబ్బంది ఉందా, ఎంతకాలంగా ఉంది, దానివల్ల ఏం నష్టపోయారు అని డాక్టరు అడుగుతారు.

చివరిది మందుల భయం. మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజక మందులను దుర్వినియోగం చేసే ప్రమాదం ఉన్న మాట నిజమే. అందుకే వాటిపై కట్టుదిట్టమైన నియంత్రణ ఉంటుంది, వాడేవారి రక్తపోటు, గుండె వేగం చూస్తూ వైద్యులు మోతాదు సరిచేస్తారు. ఇదే సమస్యకు వాడే అటమాక్సిటిన్ ఉత్తేజక మందు కాదు. అమెరికాలో 2002లోనే పెద్దలకూ అనుమతి పొందింది. పనులు విడగొట్టుకోవడం, సమయం లెక్క కట్టుకోవడం నేర్పే మానసిక చికిత్సలూ ఉన్నాయి. నిర్ధారణ అయిన ప్రతివారూ మాత్ర వేసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు.