ఈసారి మద్దెలే ఓడు

పోయిన ఆదివారం అమెరికాలోని షార్లెట్‌లో ఒక మిత్రుడి ఇంటికి భోజనానికి వెళ్లాను. అతని పద్నాలుగేళ్ల కొడుకు తొమ్మిదో నంబరు చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కరోలినా పాంథర్స్‌లో బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ చొక్కా అది. రెండేళ్ల కిందట కొన్నది కాబట్టి భుజాల దగ్గర బిగిసిపోయింది. కొత్తది కొంటానని తండ్రి అంటే, "ఈ ఏడాది గెలవనీ నాన్నా, అప్పుడు కొందాం" అన్నాడు. పాతది విప్పడు, కొత్తది కొననివ్వడు. 2025 ఆగస్టులో షార్లెట్ నగరమంతా ఇంచుమించు ఇదే స్థితిలో ఉంది.

వాడి ఆశతో నాకు పేచీ లేదు. ఆ ఆశను ఎవరి మీద పెట్టుకున్నాడన్నదే పేచీ. యంగ్ కోలుకుంటాడా, నిలదొక్కుకుంటాడా, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఆ భారం మోయగలడా అని ఊరంతా తర్కిస్తోంది. అసలు కోలుకోవలసింది అతణ్ని కొనుక్కున్న సంస్థ. ఆ సంస్థ ఒంట్లో జబ్బు పెట్టుకుని, కుర్రాడి నాడి పట్టుకుని చూస్తోంది.

కథ తెలిసిందే. అలబామా విశ్వవిద్యాలయం తరఫున 2021లో, కళాశాల ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ గెలిచిన కుర్రాడిని, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2023 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడిగా తీసుకున్నారు. ఆ ఏడాది జట్టు 17 ఆటల్లో రెండే గెలిచింది. 2024లో రెండు ఆటలు కాగానే అతణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టారు. అప్పటికి అతను జట్టును నడిపించిన ఆటలు మొత్తం 18. అక్టోబరులో, అతని బదులు ఆడుతున్న సీనియర్ ఆండీ డాల్టన్ కారు ప్రమాదంలో బొటనవేలు బెణికించుకోకపోతే మళ్లీ ఎప్పుడు మైదానంలోకి వచ్చేవాడో తెలియదు. వచ్చాక మాత్రం మనిషి మారినట్టు ఆడాడు. అందుకే ఈ ఆశ.

ఇప్పుడు కొనుగోలు సంగతి చూద్దాం. డ్రాఫ్ట్‌లో తొలి స్థానం అప్పట్లో షికాగో బేర్స్ చేతిలో ఉంది. దాని కోసం పాంథర్స్ ఇచ్చినవి: ఆ ఏడాది తమ తొమ్మిదో స్థానం, రెండో రౌండులో ఒక స్థానం, 2024 మొదటి రౌండు స్థానం, 2025 రెండో రౌండు స్థానం. అవి చాలవన్నట్టు జట్టులో ఉన్న అత్యుత్తమ రిసీవర్ డి.జె. మూర్‌ను కూడా ఇచ్చేశారు. క్వార్టర్‌బ్యాక్ పని బంతి విసరడం. విసిరితే పట్టుకునేవాడు ఒకడు కావాలి కదా? వీణ కొనడానికి తీగలు అమ్ముకున్నట్టుంది బేరం. మూర్ షికాగోకు వెళ్లి ఆ సీజన్‌లోనే 1,364 గజాలు సంపాదించాడు. ఇక్కడ యంగ్‌కు మిగిలిన ప్రధాన దిక్కు 33 ఏళ్ల ఆడమ్ థీలన్. పాపం, అతను 103 బంతులు పట్టుకున్నాడు. అంతకన్నా ఏ మనిషీ చేయలేడు. ఇక అమ్మేసిన 2024 స్థానం, పాంథర్స్ అంత అధ్వానంగా ఓడిపోవడం వల్ల, డ్రాఫ్ట్‌లో మొదటి స్థానమై కూర్చుంది. దానితో షికాగో కేలెబ్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. ఒకే బేరంలో రెండుసార్లు నష్టపోవడం కూడా ఒక ప్రతిభే.

ఆ మొదటి ఏడాది ఎలా గడిచిందో గుర్తుచేసుకోండి. ముఖ్య కోచ్ ఫ్రాంక్ రైక్ ఆటలో ఎత్తులు వేసే బాధ్యతను సీజన్ మధ్యలో సహాయకుడు థామస్ బ్రౌన్‌కు అప్పగించాడు. మూడు ఆటలు కాగానే వెనక్కి లాక్కున్నాడు. ఆపైన కొద్ది రోజులకే, 11 ఆటల్లో ఒక్కటే గెలిచిన స్థితిలో, రైక్ ఉద్యోగమే పోయింది. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడాల్సిన గార్డులు గాయాల వల్ల మారుతూనే ఉన్నారు. బంతి విసరకముందే ప్రత్యర్థులు అతణ్ని నేలకూల్చిన సందర్భాలు, అంటే శాక్‌లు, ఆ ఏడాది 62. అతను ఆడినవి 16 ఆటలు. ఆటకు సగటున నాలుగు సార్లు, నూట ఇరవై కిలోలు దాటిన మనుషులు అయిదడుగుల పది అంగుళాల కుర్రాడి మీద పడ్డారు. అవి లెక్కలోకి వచ్చినవి. విసిరిన క్షణం తర్వాత తగిలే దెబ్బలు ఈ పట్టికలోకి ఎక్కవు.

2024లో ఏం మారింది? రాబర్ట్ హంట్ అనే గార్డును అయిదేళ్లకు 10 కోట్ల డాలర్లు పెట్టి, డామియన్ లూయిస్ అనే మరో గార్డును నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్లు పెట్టి తెచ్చారు. కుర్రాడు అంగుళం పొడవు పెరగలేదు. చేతిలో బలం పెరిగిందని ఎవరూ అనలేదు. శాక్‌లు మాత్రం 14 ఆటల్లో 29కి పడిపోయాయి. బెంచ్ మీద నుంచి తిరిగివచ్చాక నడిపించిన పది ఆటల్లో 15 టచ్‌డౌన్లు, అంటే ఆరేసి పాయింట్లు తెచ్చే బంతులు, విసిరాడు. ఇచ్చుకున్న ఇంటర్‌సెప్షన్లు, అంటే ప్రత్యర్థుల చేతికి చిక్కిన బంతులు, ఆరు. అంతకు ముందు ఏడాది ఛాంపియన్లయిన కాన్సాస్ సిటీని చివరి క్షణం దాకా నిలబెట్టి 30-27 తేడాతో ఓడాడు. ఆ ఏడాది లీగ్ ఆఖరి పోరు సూపర్ బౌల్ గెలిచిన ఫిలడెల్ఫియాను వాళ్ల మైదానంలోనే గెలుపు అంచుదాకా తీసుకెళ్లాడు. చివర్లో అతను విసిరిన అద్భుతమైన బంతి రిసీవర్ చేతుల్లోంచి జారిపోయింది. సీజన్ ఆఖరి ఆటలో, అట్లాంటాలో, మూడు టచ్‌డౌన్లు విసిరి, రెండు తానే పరుగెత్తి వేసి, అదనపు సమయంలో 44-38తో గెలిపించాడు. అదే ఏడాది జట్టు రక్షణ విభాగం 534 పాయింట్లు సమర్పించుకుని లీగ్ చరిత్రలోనే చెత్త రికార్డు సృష్టించింది. అవతలివాడికి అంత ధారాళంగా ఇచ్చే జట్టులో ఉండి నాలుగు ఆటలు గెలిపించడం తక్కువ పని కాదు.

దీనికి అటువైపు వాదన ఉంది, బలమైనదే. "ఆడలేక మద్దెల ఓడు" అన్నట్టు అంతా చుట్టూ ఉన్నవాళ్ల మీదికి నెట్టేస్తున్నారంటారు. శాక్‌లలో సగం తప్పు బంతిని త్వరగా వదలని క్వార్టర్‌బ్యాక్‌దే అంటారు. అదే డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో హ్యూస్టన్ తీసుకున్న సి.జె. స్ట్రౌడ్‌ను చూపిస్తారు. ముందు ఏడాది మూడు ఆటలే గెలిచిన జట్టులోకి వచ్చి 4,108 గజాలు విసిరి, జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడు కదా అని. నిజమే. స్ట్రౌడ్ మేలైన ఎంపిక కావచ్చు కూడా. కానీ హ్యూస్టన్ తన ఇంటి సామాను అమ్ముకుని అతణ్ని తెచ్చుకోలేదు. ఎడమవైపు లేరమీ టన్సిల్ లాంటి గోడను పెట్టుకుని తెచ్చుకుంది. అదే హ్యూస్టన్ 2002లో డేవిడ్ కార్ అనే తొలి స్థానం కుర్రాడిని గోడ లేకుండా నిలబెడితే ఒక్క సీజన్‌లో 76 సార్లు నేలకూలాడు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కార్ మళ్లీ ఎప్పుడూ లేవలేదు. హ్యూస్టన్ ఆ పాఠం నేర్చుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మద్దెల ఓడో కాదో తేల్చుకోవడానికి ఇంకో మార్గం ఉంది. అదే మద్దెల పట్టుకున్న మిగతావాళ్లు ఏమయ్యారో చూడడం. నన్ను ఈ వ్యాసం రాయించింది ఈ ముక్కే.

2018 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం బేకర్ మేఫీల్డ్‌ది, మూడో స్థానం శామ్ డార్నాల్డ్‌ది. తొలి జట్లు వదిలించుకున్నాక, 2022 వేసవిలో ఇద్దరూ ఒకే జట్టులో కలిశారు. ఎక్కడనుకున్నారు? షార్లెట్‌లోనే. మేఫీల్డ్ నడిపించిన ఆరు ఆటల్లో ఒకటే గెలిచాడు, డిసెంబరులో బయటికి పంపేశారు. సీజన్ అయ్యాక డార్నాల్డ్‌నూ ఉంచుకోలేదు. ఇద్దరి పనీ అయిపోయిందని అందరూ రాశారు, నేనూ అలాగే అనుకున్నాను. మరి తర్వాత? మేఫీల్డ్ టాంపా బేకు వెళ్లి రెండేళ్లు వరుసగా డివిజన్, అంటే నాలుగు జట్ల గుంపు, గెలిపించాడు, 2024లో 41 టచ్‌డౌన్లు విసిరాడు. ఆ డివిజన్‌లోనే పాంథర్స్ కూడా ఉంది. అంటే తాము పనికిరాడని పంపిన మనిషితో ఏటా రెండుసార్లు తలపడాల్సి వస్తోంది. డార్నాల్డ్ 2024లో మిన్నెసోటాకు 17 ఆటల్లో 14 గెలిచి ఇచ్చి, 35 టచ్‌డౌన్లు విసిరాడు. ఒకడు బాగుపడితే అదృష్టం అనుకోవచ్చు. ఒకే గుమ్మం దాటిన ఇద్దరూ బాగుపడితే వాస్తు చూడాల్సింది ఆ ఇంటికి.

ఇంకో విడ్డూరం వినండి. 2023లో టాంపాలో మేఫీల్డ్‌ను నిలబెట్టిన కోచ్ డేవ్ కెనాలెస్. ఆ పేరు చూసే పాంథర్స్ 2024లో అతణ్ని ముఖ్య కోచ్‌గా తెచ్చుకుంది. విరిగిన క్వార్టర్‌బ్యాక్‌లను అతికించే మనిషి అని ప్రచారం చేసుకుంది. ఆ మనిషే ఈ ఇంట్లో అడుగుపెట్టాక రెండు ఆటలకే యంగ్‌ను పక్కన పెట్టాడు. టాంపాలో ఉన్న ఓపిక షార్లెట్‌కు రాగానే ఎలా ఆవిరైంది? జవాబు నాకైతే యజమాని గదిలో కనిపిస్తుంది. డేవిడ్ టెపర్ 2018లో దాదాపు 230 కోట్ల డాలర్లకు జట్టును కొన్నాడు. అప్పటి నుంచి తాత్కాలికులతో కలిపి ఏడుగురు ముఖ్య కోచ్‌లను చూశాం. 2024 సీజన్ ముగిసేదాకా ప్లేఆఫ్స్ మొహం ఒక్కసారి కూడా చూడలేదు. 2023 చివరి రోజున జాక్సన్‌విల్‌లో ఓడిపోతుండగా ఆయన తన గదిలోంచి కిందనున్న ప్రేక్షకుల మీదికి గ్లాసులోని పానీయం విసిరాడు. లీగ్ 3 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ గదికి దిగువన పనిచేసే ఏ కోచ్‌కైనా నెలల తరబడి ఆలోచించే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

పైవాడి తొందరకు కిందవాడు మూల్యం చెల్లించడం ఫుట్‌బాల్‌తో పుట్టింది కాదు. హైదరాబాదు మనిషికి వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరు చెబితే చాలు. మధ్య వరుస ఆటగాడిని తెచ్చి కొత్త బంతి ముందు నిలబెట్టారు. విఫలమైనప్పుడల్లా తీసేశారు. ఓపెనర్‌గా ఇక ఆడనని చివరికి ఆయనే తెగేసి చెప్పాల్సి వచ్చింది. 2001 మార్చిలో కోల్‌కతాలో ఫాలో ఆన్ ఆడుతూ మూడో స్థానంలో పంపితే 281 కొట్టాడు. మణికట్టు అదే, కళ్లు అవే. పంపిన చోటు మారింది. 2025 ఆగస్టులో ఓవల్‌లో సిరాజ్‌నూ చూశాం కదా. 19 పరుగుల మీదున్న హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి, గీత మీద కాలు వేసి, శతకం చేయనిచ్చాడు. మర్నాడు పొద్దున బంతి మళ్లీ అతని చేతికే ఇచ్చారు. ఆరు పరుగుల తేడాతో గెలిచాం. షార్లెట్‌లో అయితే ఆ పొద్దున బంతి ఇంకెవరి చేతిలోనో ఉండేది.

పోలిక అతి అనిపించవచ్చు కానీ, ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నా బుర్ర 2019 ఏప్రిల్‌కు పోతుంది. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఆ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లందరి పత్రాలూ ఉచితంగా మళ్లీ చూస్తామని ప్రభుత్వం చెప్పింది, ఆ తర్వాత. లెక్క వేసిన చోట తప్పు జరిగిందేమో అన్న అనుమానం ఫలితం వచ్చిన రోజు ఎన్ని ఇళ్లలో కలిగింది? పిల్ల సరిగ్గా రాయలేదనే అనుకున్నాం. మనకు వ్యవస్థ ఇచ్చిన మార్కుల మీద ఉన్న నమ్మకం మన పిల్లల మీద లేదు. పెద్దల పొరపాటును పిల్లల పేరున రాసిపెట్టడం మనకు ఎంత అలవాటంటే, వేల మైళ్ల దూరంలో, అర్థం కాని ఆటలో కూడా అదే పని చేస్తున్నాం. మిత్రుడి ఇంట్లో ఆ రోజు భోజనాల దగ్గర "వీడు మరీ పొట్టి, వీడి వల్ల కాదు" అన్న పెద్దలు నలుగురు. మూర్‌ను అమ్మిన సంగతి వాళ్లలో ఒక్కరికీ గుర్తులేదు.

కాబట్టి అభిమానులు ఈ ఏడాది దేని మీద ఆశ పెట్టుకోవాలో చెబుతాను. హంట్, లూయిస్ గాయాలు లేకుండా 17 ఆటలూ నిలబడడం మీద. ఎనిమిదో స్థానంలో తెచ్చుకున్న అరిజోనా రిసీవర్ టెటైరోవా మెక్‌మిలన్ మీద. మూర్‌ను అమ్మిన రెండేళ్లకు గానీ అంత పై స్థానంలో ఒక రిసీవర్‌ను తెచ్చుకోలేదు, సరే, ఇప్పటికైనా తెచ్చుకుంది. రక్షణ విభాగం ఆటకు ముప్పై పాయింట్లు సమర్పించుకోకుండా ఉండడం మీద. యంగ్ ఒప్పందానికి అయిదో ఏడాది కలపాలో వద్దో 2026 మే నెలకల్లా జట్టు తేల్చాలి. తొలి మూడు ఆటలు ఓడితే అక్టోబరులోనే ఆ మాట మొదలవుతుంది. నాకున్న భయం అదొక్కటే.

2025 సెప్టెంబరు 7న తొలి ఆట జాక్సన్‌విల్‌లో. టెపర్ పానీయం విసిరిన స్టేడియమే. అవతలి జట్టుకు కొత్త కోచ్ లియమ్ కోయెన్. 2024లో టాంపాలో మేఫీల్డ్ చేత ఆ 41 టచ్‌డౌన్లు వేయించినవాడు. ఇవతల కెనాలెస్, అంతకు ముందు ఏడాది అదే మేఫీల్డ్‌ను నిలబెట్టినవాడు. షార్లెట్ పారేసిన మనిషిని బాగుచేసి పెద్ద పదవులకెక్కిన ఇద్దరు అటూ ఇటూ నిలబడతారన్నమాట. మిత్రుడి కొడుకు ఆ బిగుతు చొక్కా తొడుక్కుని తొమ్మిదో నంబరునే చూస్తుంటాడు. నేను మాత్రం యంగ్ మొదటి ఇంటర్‌సెప్షన్ ఇచ్చినప్పుడు కెమెరా యజమాని గది వైపు తిరుగుతుందేమో, అక్కడ ఆయన చేతిలో ఏముందో చూస్తాను.